తెరిపి లేని వాన

హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నరైతే న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిది. అక్కడి జట్టు కాఫీ కప్పుతో అప్పుడే కుర్చీలో కూర్చుంటుంది. ఇక్కడి ఐటీ జట్టు పొద్దున తొమ్మిదిన్నర నుంచీ కూర్చునే ఉంటుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పగానే రెండు జట్లూ రోజూ కలిసి మాట్లాడుకునే మన ఆరున్నర కాల్ ఏడున్నరకి జరిగి, మార్చి రెండో ఆదివారం దాకా అక్కడే ఉండిపోతుంది. కాల్ మహా అయితే అరగంట. అందులో మనం మాట్లాడేది నాలుగు నిమిషాలు. కానీ ఐదున్నరకే బుర్ర దానికి సిద్ధమవడం మొదలుపెడుతుంది. ఇంటికి బయల్దేరాలా, ఆఫీసులోనే ఉండాలా అన్న మీమాంస ఒకటి. బయల్దేరితే అవుటర్ రింగ్ రోడ్డు మీద చెవిలో ఇయర్‌ఫోన్. ఇంటికొచ్చాక "ఆ ఇష్యూ ఇంకోసారి చూస్తావా" అని మెసేజ్ వస్తుందేమోనని అన్నం కంచం పక్కనే ఫోను. నిజానికి ఆ కాల్‌లో పని బరువేమీ ఉండదు. అది రోజును ముగియనివ్వదు, అంతే.

ఒత్తిడి గురించి మన దగ్గర నడిచే మాటల్లో నాకు పేచీ ఇక్కడే. రోగం చెప్పమంటే అందరూ బరువు చూపిస్తారు: పని ఎక్కువ, టార్గెట్లు ఎక్కువ, ట్రాఫిక్ ఎక్కువ. మందు చెప్పమంటే మనసును చూపిస్తారు: పాజిటివ్‌గా ఆలోచించు, లైట్ తీస్కో. ఈ రెంటి మధ్యా అసలు సంగతి జారిపోతోంది. బరువు మోసినందుకు మనిషి అంత త్వరగా కూలడు. దించుకునే వేళ దొరకకపోతే కూలతాడు.

దీనికి మనకో మంచి మాట ఉంది, తెరిపి. ముసురు పట్టిన రోజున వాన కాసేపు ఆగితే "తెరిపిచ్చింది" అంటాం. ఆ సందులోనే బట్టలు ఆరేస్తాం, కొట్టుకు పోయొస్తాం, దూడను మార్చి కట్టేస్తాం. రెండు గంటలు కుండపోతగా కురిసి వెలిసిన వానకు మట్టిగోడ పడిపోదు. నాలుగు రోజులు సన్నగా, ఆగకుండా పడే తుంపరకి నాని నాని, ఓ రాత్రివేళ కూలుతుంది.

ఒంట్లో జరిగేది కూడా దాదాపు ఇదే. 1936లో హాన్స్ సెల్యీ అనే శాస్త్రవేత్త మాంట్రియల్ నుంచి 'నేచర్' పత్రికకు ఒక చిన్న ఉత్తరం రాశాడు. ఎలుకల్ని చలిలో పెట్టినా, అతిగా పరిగెత్తించినా, విషపు మందు ఎక్కించినా, కారణం ఏదైనా వాటి ఒంట్లో వచ్చే మార్పు ఒకటేనని దాని సారాంశం: మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగాలతో పోరాడే కణాలు పెరిగే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుళ్లు పడ్డాయి. ఒత్తిడి శాస్త్రం మొత్తం అక్కడి నుంచి మొదలైందంటారు. అయితే మన వాదనకు పనికొచ్చే మాట 1993లో వచ్చింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రూస్ మెక్‌యూవెన్, ఎలియట్ స్టెల్లర్‌తో కలిసి, ఒత్తిడి వల్ల ఒంటికి పడే అరుగుదలను లెక్కగట్టాలన్నాడు. అరుగుదల ఎందుకు వస్తుందో తర్వాతి వ్యాసాల్లో నాలుగు దారులుగా చూపించాడు. మాటిమాటికీ దెబ్బ తగలడం ఒకటి. అదే దెబ్బకు ఎన్నిసార్లయినా అలవాటు పడలేకపోవడం రెండోది. దెబ్బ దాటిపోయాక కూడా ఒంటి స్పందన ఆగకపోవడం మూడోది. అసలు స్పందించాల్సినంత స్పందించకపోవడం నాలుగోది. ఆ మూడోది చూడండి. సాయంత్రం కాల్ వ్యవహారమంతా అందులో ఉంది.

మెయిల్ చూసి గుండె దడదడలాడితే అది అడ్రినలిన్ అనే హార్మోన్ పని, సెకన్లలో జరిగిపోతుంది. దాని వెనకే కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ నింపాదిగా వస్తుంది. దెబ్బ తగిలిన 20, 30 నిమిషాలకు పతాక స్థాయికి చేరి, కొత్తగా ఇంకేమీ మీద పడకపోతే తర్వాతి గంటలో మెల్లగా దిగుతుంది. కార్టిసాల్ అంటే విషం అన్నట్టు రాసే వాట్సాప్ పాఠాలు నమ్మకండి. పొద్దున మనల్ని మంచం మీంచి లేపేది అదే. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకి అది బాగా పెరిగి, రోజంతా దిగుతూ వచ్చి అర్ధరాత్రికి అట్టడుగున ఉంటుంది. ఆ దిగుడు కుదరాలి. సాయంత్రం ఆరింటికో దెబ్బ, తొమ్మిదింటికో దెబ్బ, పదకొండింటికి "చిన్న డౌట్" అని ఇంకో దెబ్బ తగిలితే దిగే దారి మాటిమాటికీ తెగుతుంది.

"మా తాతలు ఇంతకంటే కష్టపడ్డారు, వాళ్లకు లేని స్ట్రెస్ మీకొచ్చిందా" అనే పెద్దాయన ప్రతి ఇంట్లో ఉంటాడు. ఆయన మాటలో సగం నిజం. అరక దున్నే రైతు తెల్లవారుజామున కాడి కట్టి, ఎండ ముదిరేసరికి దించేవాడు. మనిషి మీద దయతో కాదు, ఎద్దు పడిపోతుందని. ఏరువాకకో వేగం, కోతలకో వేగం, మధ్యలో ఖాళీ. అయితే పాతకాలం అంతా హాయి అనుకోవడం కూడా అబద్ధమే. అప్పున్నవాడికి కాడి దించినా తెరిపి లేదు, రాత్రి మంచం మీద వడ్డీ లెక్క నడుస్తూనే ఉండేది. ఈఎంఐ ఉన్నవాడి సంగతీ అంతే.

ఇంకో వాదన ట్రైనింగ్ గదుల్లో వినిపిస్తుంది: కొంచెం ఒత్తిడి ఉంటేనే పని బాగా జరుగుతుందని. బోర్డు మీద బోర్లించిన గిన్నెలా ఒక గీత గీస్తారు. దాని మూలం 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం. మనుషుల మీద కాదు, చిట్టెలుకల మీద. రెండు పెట్టెల్లో సరైనది ఎంచుకోకపోతే చిన్న కరెంటు షాక్. అందులో తేలిన ముఖ్యమైన సంగతిని ఆ బోర్డు మీద ఎవరూ రాయరు: పని కష్టమైనకొద్దీ, నేర్చుకోవడానికి అనువైన షాక్ తగ్గుతూ వచ్చింది. అంటే కవర్లు అంటించే పనికి గడువు పెట్టి తరిమితే తరమండి. బుర్ర పెట్టి బగ్ వెతికే పనికి అదే తరుముడు ఎదురు తిరుగుతుంది. ఎలుకల నుంచి మేనేజర్ల దాకా ఆ గీతను సాగదీయడమే తప్పనుకోండి. సాగదీసేవాళ్లు కనీసం మొత్తం సాగదీయాలి కదా.

ఒక్క 'టెన్షన్' కింద ఎన్ని

మనవాళ్లు అన్నిటికీ "టెన్షన్" అనేస్తారు. కూతురు బస్సు దిగి ఫోన్ చేయకపోయినా టెన్షనే, రివ్యూ ఉన్నా టెన్షనే, పక్కింటివాడు కారు అడ్డం పెట్టినా టెన్షనే. ఈ మాటతో చిక్కేమిటంటే అది మందు చెప్పదు. పాత మాటలు చెబుతాయి. రాబోయేదాని గురించి ఆదుర్దా. దూరమైన మనిషి మీదో, ఊరి మీదో బెంగ. అమెరికాలో కొత్తగా దిగిన పిల్లల్లో ఎక్కువమందికి ఉన్నది ఇదే, స్ట్రెస్ అని పిలుస్తుంటారు గానీ. ఒకే పని వందోసారి చేయాల్సొస్తే విసుగు. చేస్తున్న పనికి ఎవరైనా అడ్డొస్తే చిరాకు. మనం చేసిన పనిని వేరేవాడు తన పేరు మీద చూపించుకుంటుంటే, ఎదురుగా కూర్చుని ఏమీ అనలేక లోపల రగిలేది ఉక్రోషం. ఆదుర్దాకి సమాచారం కావాలి, ఏ తేదీన ఏం జరుగుతుందో తెలిస్తే సగం తగ్గుతుంది. ఉక్రోషానికి ఊపిరి వ్యాయామం పనిచేయదు. అక్కడ జరిగింది అన్యాయం, దాన్ని ఎవరితోనో ఒకరితో మాట్లాడి తేల్చుకోవాలి. బెంగకు మనుషులు కావాలి. ఆఫీసులో నెలకో శుక్రవారం పెట్టే వెల్‌నెస్ సెషన్ ఎందుకు తేలిపోతుందంటే, ఇన్ని రోగాలకూ ఒకే గోళీ ఇస్తుంది కాబట్టి.

అందుకని మొదట చేయాల్సింది ఏడు రోజుల చిట్టా. జేబులో పట్టే చిన్న పుస్తకం చాలు. ఫోన్ వద్దు, ఫోన్ తీస్తే మెసేజ్ కనిపిస్తుంది. ప్రతిసారీ ఒక్క వరస: ఎప్పుడు, ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, దాని పేరేమిటి, నా చేతిలో ఉందా లేదా. ఇలా ఉంటుంది: "మంగళవారం 4:10. క్లయింట్ మెయిల్, సీసీలో పై మేనేజర్. దవడ బిగుసుకుంది. ఆదుర్దా. జవాబు నా చేతిలో ఉంది, సీసీ నా చేతిలో లేదు." ఇరవై సెకన్ల పని. రాత్రి కూర్చుని రోజంతా గుర్తుచేసుకుని రాస్తే మాత్రం పనికిరాదు. అప్పటికి చివరి గొడవ ఒక్కటే గుర్తుంటుంది, దాని రంగే రోజంతటికీ అంటుకుంటుంది. రెండో పొరపాటు, సంఘటన వదిలేసి తీర్పు రాయడం. "చెత్త రోజు" అని రాస్తే వారం తర్వాత అది మీకేమీ చెప్పదు.

ఏడో రోజు చిట్టా తిరగేస్తే సాధారణంగా రెండు మూడు సంగతులే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వారంలో 30 వరసలు ఉంటే అవి 30 సమస్యలు కావు. ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే రకం పని. అక్కడ పట్టుకోవాలి.

చేతిలో ఉన్నది ఎంత

"నా చేతిలో ఉందా" అన్న ఆ చివరి గడి ఉత్తుత్తిది కాదు. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు స్వీడన్, అమెరికా ఉద్యోగుల వివరాలు తీసుకుని చెప్పింది ఇదే: పని తాకిడి ఎక్కువ ఉండి, దాన్ని ఎలా, ఎప్పుడు చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువ ఉన్న ఉద్యోగాలే మనిషిని నలగ్గొడతాయి. తాకిడి ఎక్కువున్నా పట్టు చేతిలో ఉంటే అంత నలగడు. లండన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఇంకో భ్రమ పోగొట్టింది. గుండెజబ్బులు పెద్ద కుర్చీ వాళ్లకు ఎక్కువ వస్తాయని అందరి నమ్మకం. తీరా చూస్తే అట్టడుగు మెట్టు మీదున్న బంట్రోతులు, ద్వారపాలకుల్లో గుండెజబ్బు మరణాలు పై అధికారులకంటే మూడు రెట్లకు పైగా ఉన్నాయి. సిగరెట్లు, బీపీ, కొలెస్టరాల్ లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు.

మన బ్యాంకు బ్రాంచిలో కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లను చూడండి. ముందు వరసలో ఇరవైమంది, సర్వర్ ఎప్పుడు ఆగుతుందో తెలీదు, పైనుంచి బీమా పాలసీలు అమ్మమని టార్గెట్, మార్చి 31 దగ్గర పడుతోంది. ఇందులో ఒక్కటైనా వాళ్లు జరపగలిగేది ఉందా? డెలివరీ కుర్రాడికి పై అధికారి ఫోనులోని యాప్. దానితో బతిమాలడానికి కూడా లేదు. వీళ్లకు "ధ్యానం చెయ్యండి" అని చెప్పడం నాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది.

ఐటీ ఉద్యోగికి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది, వాడుకోవడమే తక్కువ. మేనేజర్ దగ్గరకెళ్లి "చాలా స్ట్రెస్‌గా ఉందండీ" అంటే ఆయన చేయగలిగింది ఓదార్చడమే. "రెండు రోజులు లీవ్ పెట్టు" అంటాడు, రెండు రోజుల తర్వాత అదే కుప్ప ఇంకాస్త ఎత్తుగా ఎదురుచూస్తుంటుంది. లెక్క తీసుకెళ్లాలి. "ఈ వారం నా దగ్గర నాలుగున్నాయండీ. పేమెంట్ బగ్‌కి రెండు రోజులు, రిపోర్ట్ మార్పుకి ఒకటిన్నర, కొత్తగా చేరినమ్మాయికి పని నేర్పడానికి ఒక రోజు, డెమోకి ఒక రోజు. మొత్తం ఐదున్నర. వారంలో ఉన్నవి ఐదు, మీటింగులు పోను నాలుగు. ఏది వచ్చే వారానికి జరపమంటారు?" ఈ మాటల్లో ఫిర్యాదు లేదు, ఏడుపు లేదు. ఆయన జవాబు చెప్పక తప్పని ప్రశ్న ఉంది.

"అన్నీ ముఖ్యమే, చూసుకో" అనే మేనేజర్లూ ఉంటారు. అప్పుడు వాదించకుండా సీటుకు వచ్చి నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి: ఈ వరసలో చేస్తున్నాను, నాలుగోది వచ్చే మంగళవారానికి అందుతుంది, వరస మార్చాలంటే చెప్పండి. మార్చమంటే మారుస్తారు, మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు. ఏదైనా పట్టు కొంత మీ చేతికొచ్చింది.

సాయంత్రం కాల్‌కి కూడా ఇదే లెక్క. ఆరుగురున్న జట్టు వారానికి ఐదు రోజులూ కాల్‌లో కూర్చుంటే 30 సాయంత్రాలు ఖర్చు. నిజంగా మాట్లాడేది ఇద్దరే. రోజుకు ఇద్దరు చొప్పున వంతులు వేసుకుంటే 10 సాయంత్రాలతో సరిపోతుంది, ఒక్కొక్కరికి వారానికి రెండు దాటవు. ఇది చెడేది ఒకే చోట. వంతు లేని రోజున కూడా "ఊరికే విందాం" అని చేరేవాడు ఒకడుంటాడు. వాణ్ని చూసి మిగతావాళ్లు చేరతారు, పదిరోజుల్లో మళ్లీ ఆరుగురూ. అందుకని కాల్‌కి వెళ్లిన ఇద్దరూ ఐదు లైన్ల సారాంశం రాసి పెట్టాలన్నది మొదటిరోజే నియమం చేసుకోవాలి. మిగతావాళ్లు దాన్ని మర్నాడు పొద్దున చదువుతారు, ఆ రాత్రి కాదు.

కాడి దించడం

రోజు తనంతట తాను ముగియదు కాబట్టి మనమే ముగించాలి. ఆఖరి పది నిమిషాలు దీనికి కేటాయించండి. ఆ రోజు తెరిచి ఉన్న పనులన్నీ కాగితం మీద దించండి. ప్రతిదానికీ తర్వాతి అడుగు ఏమిటో, ఎప్పుడో రాయండి. "పేమెంట్ బగ్" అని రాస్తే చాలదు. "రేపు పదింటికి మొన్నటి లాగ్‌లో టైమౌట్ వచ్చిన చోటు చూడాలి" అని రాయాలి. సగంలో ఆగిన పని బుర్రలో గీపెడుతూ ఉంటుంది. అది పూర్తయితేనే ఊరుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో చూపించింది ఏమిటంటే పూర్తి కానక్కర్లేదు, ఎలా చేస్తామో స్పష్టంగా అనుకున్నా ఆ గోల చాలావరకు ఆగుతుంది. 2018లో టెక్సస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువకులను, యువతులను పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయమన్నారు. సగంమంది చేయాల్సిన పనులు, సగంమంది చేసేసిన పనులు. చేయాల్సినవి రాసినవాళ్లు సుమారు 9 నిమిషాలు ముందు నిద్రలోకి జారారు, ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. రాయడం అయ్యాక ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టేయండి, డైనింగ్ టేబుల్ మీద తెరిచి వదలకండి. తెరిచిన ల్యాప్‌టాప్ కాడి దించని ఎద్దు లాంటిది, దారినపోయే ప్రతివాడికీ పనికి సిద్ధంగానే కనిపిస్తుంది.

ఆఫీసుకీ ఇంటికీ మధ్య ఇరవై నిమిషాల నడక పెట్టగలిగితే అంతకంటే మంచిది లేదు. మెట్రోలో వచ్చేవాళ్లు ఒక స్టేషన్ ముందు దిగొచ్చు. ఇంటి నుంచే పనిచేసేవాళ్లకు ఈ నడక మరీ అవసరం, వాళ్లకు ఆఫీసుకీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక తలుపే.

ఇక కాఫీ. కెఫీన్ అలసటను పోగొట్టదు, అలసట కబురును మెదడుకు చేరనివ్వదు. తాగిన కెఫీన్‌లో సగం దిగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి అటూ ఇటూ. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు, అంటే రమారమి నాలుగు కప్పుల కాఫీకి సమానమైన కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో తేలింది. తీసుకున్నవాళ్లకు ఆ సంగతి పెద్దగా తెలియలేదు కూడా. కాబట్టి "నాకు రాత్రి కాఫీ తాగినా నిద్రొస్తుంది" అన్న మాట సాక్ష్యం కాదు. పన్నెండింటికి పడుకునేవాళ్లకు మూడు, మూడున్నర తర్వాత కాఫీ వద్దు. ఆరున్నర కాల్ ముందు తాగే ఇరానీ చాయ్ చిన్నదే గానీ రోజూ తాగేది. దాని బదులు ఆ వేళకు ఏదైనా తినండి. పదిన్నరకి ఆకలితో కూర్చుని ఒక్కసారే తిని పడుకోవడం తప్పుతుంది.

ఆదివారం పదకొండింటి దాకా పడుకోవడం తెరిపి అనుకుంటారు. కాదు. ఆ రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టదు, సోమవారం ఏడింటికి లేవాలి. ఒంటి గడియారానికి అది వారం వారం దుబాయ్ వెళ్లి వచ్చినట్టే. లేచే వేళ ఆదివారమైనా గంటకు మించి జరగకూడదు. తక్కువైన నిద్ర మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకుతో తీర్చుకోవచ్చు. మంచమెక్కాక ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోండి, మళ్లీ కళ్లు మూతలు పడుతుంటే వెళ్లండి. గడియారం మాత్రం చూడకండి. అటూ ఇటూ దొర్లే మంచం కొన్నాళ్లకు దొర్లడానికే గుర్తుగా మారుతుంది. శుక్రవారం రాత్రి తాగే మద్యం విషయం కూడా చెప్పాలి: అది త్వరగా పడుకోబెడుతుంది, తెల్లవారుజామున లేపేస్తుంది. రాత్రి రెండో సగం నిద్రను ముక్కలు చేస్తుంది.

ఊపిరి సంగతి నేను చివర్లో పెట్టడానికి కారణం ఉంది. అది పనిచేయదని కాదు, ముందు చెప్తే మిగతాదంతా వదిలేసి దాన్నే పట్టుకుంటారని. ముక్కుతో నాలుగు సెకన్లు లోపలికి, ఆరు సెకన్లు బయటికి. నిమిషానికి ఆరు ఊపిరులు, ఐదు నిమిషాలకు ముప్పై. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకూ పొట్టకూ దిగే వేగస్ నరం గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుంది. అందుకే వదిలే వేళ పొడుగు. చాలామంది "గట్టిగా పీల్చు" అనగానే ఛాతీ నిండా గాలి నింపుతారు. నాలుగైదుసార్లకే తల తిరుగుతుంది, పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోవడం వల్ల వచ్చే తిమ్మిరి అది. దాంతో ఉన్న కంగారు రెట్టింపవుతుంది. గాలి కొంచెమే, నెమ్మదిగా, పొట్ట కదిలేలా. ఇంకో తప్పు, రివ్యూ గది బయట నిలబడి మొదటిసారి మొదలుపెట్టడం. ఈత ఏట్లో పడ్డాక నేర్చుకోలేం. రెండు వారాలు తీరిగ్గా ఉన్నప్పుడు చేస్తే, అవసరమైన రోజున ఒళ్లు దానంతట అదే గుర్తుపడుతుంది.

ఒత్తిడి కానివి

ఛాతీలో నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకుతూ, చెమటలు పడుతుంటే అది టెన్షన్ కాదు, గ్యాస్ కాదు. డాక్టరు చూసి కాదని తేల్చేదాకా గుండెపోటే అనుకుని 108కి ఫోన్ చేయాలి. సోడా తాగి పడుకుని పోయినవాళ్ల కబుర్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. నెలల తరబడి అలుపు, చిరాకు, మతిమరుపు ఉంటే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోండి. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లకు నిద్రలోనే చిక్కు ఉండొచ్చు, ఎంత ధ్యానం చేసినా పొద్దున అలుపు పోదు. మందుల షాపులో తెలిసినవాడి ద్వారా తెచ్చుకునే ఆల్ప్రజోలం అనే ఆదుర్దా తగ్గించే మాత్ర జోలికి పోవద్దు. అలవాటు పడితే మాత్ర మోతాదు పెరుగుతుంది, ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం కూడా. డాక్టరు రాసి, డాక్టరు చూస్తుండగా తగ్గించాల్సిన మందు అది.

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే అది ఒత్తిడి చిట్టాలో తేలేది కాదు. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మన దగ్గర ఇంకా "ఎర్రగడ్డకు పంపాలి వీణ్ని" అనేది వెక్కిరింతగానే నడుస్తోంది. విశాఖవాళ్లకు చినవాల్తేరు. ఆస్పత్రి పేరును తిట్టుగా మార్చుకున్న పాపం, అవసరమైన రోజున మన కాళ్లకే అడ్డం పడుతుంది.

ఇంట్లో వాన

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో ఒక మోసం ఉంది. ఇంటికి రావడమే తెరిపి అన్నట్టు మాట్లాడాం. ఎవరికి? 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే లెక్కలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెట్టేది 97. స్వీడన్‌లో వోల్వో కంపెనీ ఉద్యోగుల మీద మనస్తత్వ శాస్త్రవేత్త మరియాన్ ఫ్రాంకెన్‌హాయిజర్ బృందం 1989లో ప్రచురించిన అధ్యయనం దీన్ని ఒంట్లోనే చూపించింది. పగలు ఆడ, మగ మేనేజర్లు ఇద్దరికీ నోర్‌అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగింది. సాయంత్రం ఐదు దాటాక మగవాళ్లకు దిగడం మొదలైంది. ఆడవాళ్లకు ఇంకా పెరిగింది. అది స్వీడన్. ఎనిమిదింటికి కాల్ ముగించి, కుక్కర్ పెట్టి, పిల్లాడి హోంవర్క్ చూసి, మర్నాటి టిఫిన్‌కి పిండి ఉందో లేదో చూసుకునే కూకట్‌పల్లి ఇంట్లో ఆ కొలత ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

"చెప్తే చేస్తాను కదా" అనే భర్త మంచివాడే. కానీ గుర్తుపెట్టుకోవడం, చెప్పడం అనే రెండు పనులు ఆమె దగ్గరే ఉండిపోతాయి. వాటికి సెలవు లేదు. అందుకని పనుల్ని ముక్కలుగా కాకుండా మొత్తంగా ఇవ్వాలి. "పాల ప్యాకెట్ తీసుకురా" కాదు, పాలూ పెరుగూ సంగతి ఇకనుంచి నీది, అయిపోతుందని గుర్తించడం దగ్గర నుంచి. మొదటి రెండు వారాలు ఇంట్లో పెరుగు లేని రోజులు వస్తాయి. ఆ రోజున ఆమె పరిగెత్తి తెస్తే బేరం చెడినట్టే. వారంలో రెండు సాయంత్రాలు ఆమెవి, రెండు ఆయనవి అని వంటింటి క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ సాయంత్రం కాల్ వంతు కూడా పడకుండా చూసుకుంటే, తెరిపి అన్నమాట కాగితం మీద నుంచి ఇంట్లోకి వస్తుంది.

వారానికి 70 గంటలు పనిచేయాలన్న వాదన 2023లో పెద్ద చర్చే రేపింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి వేసిన అంచనాలో, వారానికి 55 గంటలు, అంతకు పైగా పనిచేసేవాళ్లకు 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి 50 మంది, అంతకు పైగా ఉన్న కంపెనీలు పని వేళల తర్వాత ఫోన్, మెయిల్ సంగతి ఉద్యోగులతో మాట్లాడి తేల్చుకోవాలి. మన దగ్గర అలాంటి చట్టం వచ్చేదాకా ఎవరి జట్టులో వాళ్లే అడగాలి.

అడగడానికి సులువైన తేదీ అక్టోబరు చివర్లో వస్తుంది. గడియారం మార్చేది వాళ్లు, మన దగ్గర అలాంటిదే లేదు. అవతలివాళ్లలో చాలామందికి ఆ సంగతి తట్టదు. వాళ్ల క్యాలెండర్‌లో ఆ మీటింగ్ ఎప్పటిలాగే తొమ్మిదింటికే కనిపిస్తుంది, ఇక్కడ అన్నం వేళకు జరిగిందని అందులో ఎక్కడా ఉండదు. రెండు లైన్ల మెయిల్ సరిపోతుంది: "నవంబరు నుంచి ఈ కాల్ మాకు ఏడున్నరకి పడుతోంది. మార్చి దాకా మీ ఎనిమిదింటికి పెట్టుకుందామా?"